కడపటి కొళాయి



ఇల్లాలు వేకువనే లేచి మొట్టమొదట విచారించునది నీటి సంగతి. త్రాగు నీటికి బిందె వేరు, వంటకు తపేలా వేరు, స్నానమునకు కాగు వేరు, పశువుల కుడితికి తొట్టి వేరు. బియ్యము కడిగిన నీరు ఆవునకును, అంట్లు తోమిన నీరు అరటిచెట్టునకును పోవును. నీరు చాలని దినమున దేనిని ముందు నింపవలయునో ఆమె కెవ్వరును చెప్పనక్కరలేదు. త్రాగు బిందె నిండిన పిదపనే తక్కినవి. రాయలసీమలో పుట్టిన ఆడపిల్లకు ఈ వివేకము ఉగ్గుపాలతోనే అబ్బును.

రాజ్యమును ఒక పెద్ద సంసారమే. నీరెంత శుద్ధముగా నుండవలయునో తెలుపు కొలతలను ప్రభుత్వ మేర్పరచినది. నీటిని చెరచువారిని శిక్షించుటకు చట్టములు చేసినది. కాని ధనము మితము, మాలిన్యము అమితము. కావున ముందేది, వెనుకేది యను విచారము తప్పదు. ఆ విచారము పురుషులదియు, అధికారులదియు మాత్రమే యని మనము తలచుట పొరపాటు. నిత్యమును అయిదు పాత్రలకు నీరు పంచు మనకంటె ఆ విషయము నెరిగిన వారెవరు?

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు నదీజలములను అయిదు తరగతులుగా విభజించియున్నారు. క్రిములను చంపు మందు మాత్రము కలిపి త్రాగదగినది మొదటి తరగతి. స్నానమునకు తగినది రెండవది. వడపోసి సంపూర్ణముగా శుద్ధిచేసిన పిదప త్రాగదగినది మూడవది. చేపలకును వన్యమృగములకును తగినది నాలుగవది. పైరులకును యంత్రములను చల్లార్చుటకును పనికివచ్చునది అయిదవది. చూడుడు! ఇది మన బిందె, కాగు, తొట్టి లెక్కయే గదా. ఏ నీరు దేనికి వాడుదుమో దానికి తగిన శుద్ధి యుండవలయును. ఈ న్యాయమును మన పెద్దమ్మలు ఏ మండలియు నేర్పకయే యెరిగియుండిరి.

పూర్వగ్రంథములందును ఈ తారతమ్య విచారము కలదు. సుశ్రుతసంహితలో కలక నీటిని తేర్చుటకు ఏడు సాధనములు చెప్పబడినవి. చిల్లగింజ వానిలో మొదటిది. మనము నేటికిని నెరిగిన వస్త్రపు వడపోతయు అందున్నది. నీటిని నిప్పుపై కాచుటయు, ఎండలో నుంచుటయు ఆ గ్రంథమున విధింపబడినవే. కౌటిల్యుని యర్థశాస్త్రమున నగరపాలకుని విధులను చెప్పు ప్రకరణమును చూడుడు. వీధిలో చెత్త వేసినవానికి పణములో ఎనిమిదవ పాలు దండనము. బురదనీరు నిలుచునట్లు చేసినవానికి నాలుగవ పాలు. అది రాజమార్గమైనచో రెట్టింపు. పుణ్యస్థలము, జలస్థానము, దేవగృహము, రాజునకు చెందిన స్థలము, వీనియందు మలవిసర్జనము చేసినవానికి ఒక పణము మొదలుకొని క్రమముగా హెచ్చు దండనము. రోగముచేతనో, ఔషధముచేతనో, భయముచేతనో అట్లు చేసినవానికి మాత్రము క్షమ కలదు. అన్ని దోషములును సమానములు కావని ఆ శాస్త్రకారు డెరుగును. వీధి దుమ్ముకంటె జలస్థానపు మాలిన్యము ఘోరతరమని ఆయన నిర్ణయము. మనము చర్చింపవలసిన విషయమునకు ఇదియే మూలము.

ఇక మా ప్రాంతపు సంగతి. 2022 ఏప్రిల్ 4 నుండి తిరుపతి చిత్తూరునుండి విడివడి వేరు జిల్లా యైనది గాని, నీటి కష్టము రెంటికిని ఒక్కటియే. స్వర్ణముఖి చంద్రగిరి ప్రాంతపు కొండలనుండి దిగి, తిరుపతి పరిసరములను దాటి, శ్రీకాళహస్తి నానుకొని ప్రవహించి, నెల్లూరు సీమ మీదుగా సముద్రమును జేరును. మొగలేరని దానికి మరియొక పేరు. ఏడాదిలో పెక్కు మాసములు అది యిసుకమయము. అట్టి నదిలో వాననీరు లేనపుడు పారునది ఊళ్ల మురుగే యగును. చిత్తూరు నడుమ పారు నీవా నదికిని ఇదియే గతి. ఆ నీరు తమిళదేశమున పొన్నై యను పేరుతో పోయి పాలారులో కలియును. తిరుపతి దాహమును తీర్చుటకు 1977లో కట్టిన కల్యాణి జలాశయ మొకటి, దూరమునుండి వచ్చు తెలుగుగంగ జల మొకటి ఆధారములు. కొండపైన గోగర్భము, పాపవినాశనము, ఆకాశగంగ మొదలగు జలాశయములు యాత్రికుల అక్కరను తీర్చుచున్నవి. పల్లెలకు మాత్రము గొట్టపుబావులే దిక్కు.

చట్టములకు కొరత లేదు. జలకాలుష్య నివారణ చట్టము 1974లో పుట్టినది. మన రాష్ట్రమున కాలుష్య నియంత్రణ మండలి 1976లో ఏర్పడినది. త్రాగు నీటికి భారతీయ ప్రమాణముల సంస్థవారు ఒక పట్టిక నేర్పరచి 2012లో దానిని సవరించిరి. ఆ పట్టిక ప్రకారము నూరు మిల్లీలీటర్ల నీటిలో మలసంబంధమైన ఇ.కోలి యను క్రిమి ఒక్కటియు కనబడరాదు. లీటరునకు ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము మించరాదు. వేరు నీరు దొరకనిచోట ఒకటిన్నర వరకు ఓర్చుకొనవచ్చును. నైట్రేటు 45 మిల్లీగ్రాములకు మించరాదు. కొలతలు చక్కనివే. కాని వానిని ఎక్కడ కొలుచుచున్నారు? ఈ ప్రశ్నకు మాకు సమాధానము గ్రంథములవలన గాక ఒక చిన్న సీసావలన దొరికినది.

మేము కాపురముండునది తిరుపతికి సమీపమున నొక పల్లె. రెండేండ్ల క్రిందటి వానకాలమున మా యూరి కడపటి వీధిలో పిల్లలకు కామెర్లు తగిలినవి. మా యింటికి పనికి వచ్చు నామె కుమారుడు, ఏడేండ్లవాడు, వారిలో నొకడు. దానికి కొన్ని వారముల ముందే యామె మాతో నిట్లనినది:

"మా పక్క కొళాయి నీళ్లు మురుగు కంపు కొడతాండాయి అయివారమ్మా. మీ పక్క బాగుండాయి కదా?"

కాచి త్రాగుమని చెప్పి మేము మా పనిలో పడితిమి. దినమునకు ఒక బిందెడు నీరు కాచుటకు ఎంత గ్యాసు వ్యయమగునో, కూలికి పోవు నామె కది సాధ్యమో కాదో మేము తలపనైన లేదు.

2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జలజీవన మిషను క్రింద, ప్రతి గ్రామమున నీటిని పరీక్షించుటకు అయిదుగురికి, సాధ్యమైనంతవరకు స్త్రీలకే, శిక్షణ నీయవలయునని యేర్పాటు కలదు. మా యూర నట్టి యైదుగురిలో మేము నొకరము. పరీక్షపెట్టె మా యింటనే యుండెడిది. మేము నీరు పరీక్షించుచునే యుంటిమి. కాని ప్రతిమారును నీటిట్యాంకు క్రిందనున్న కొళాయినుండియే పట్టెడివారము. అది దగ్గర; అచ్చట నీడ కలదు; లెక్క పుస్తకమున గడి నిండును. ఫలితము ఎల్లప్పుడును నిర్దుష్టమే.

పిల్లవాడు పడుకొనిన పిదప మాకు మనసు నిలువలేదు. మూడు సీసాలు తీసికొని, ఒకదానిని ట్యాంకు క్రిందను, ఒకదానిని మా వీధిలోను, ఒకదానిని కడపటి వీధి చివర కొళాయివద్దను నింపితిమి. ఈ సీసాలో మందు పూసిన కాగితపు ముక్క యుండును. గీత వరకు నీరు పోసి, మూత బిగించి, ఒకటి రెండు దినములు వెచ్చనిచోట కదలనీయక యుంచవలయును. మలమాలిన్యము కలిసియున్నచో అందలి క్రిములవలన నీరు నల్లబడును. చదువు రానివారికిని కనబడు పరీక్ష యిది. మూడవనాటి యుదయమున చూడగా మొదటి రెండు సీసాలు తేటగానున్నవి. మూడవది బొగ్గువలె నల్లబడియున్నది.

ఈ పరీక్ష హెచ్చరిక మాత్రమే. నిర్ణయమునకు ప్రయోగశాల కావలయును. కావున ఆ కొళాయి నీటిని ప్రయోగశాలకు పంపితిమి. అచ్చటను మురుగు కలిసిన మాట నిజమేయని తేలినది. కారణము వెదకగా, కడపటి వీధికి పోవు గొట్టము మురుగుకాలువలో మునిగి పోవుచున్నదనియు, ఒక అతుకువద్ద సందు పడినదనియు తెలిసినది. నీరు వదలు రెండు గంటలును గొట్టము నిండియుండును; సందునుండి నీరు బయటికి పోవును గాని మురుగు లోనికి రాదు. నీరు ఆపిన పిదప గొట్టము ఖాళీయగును. అపుడు మురుగు లోనికి జొచ్చును. అంతేకాక, నీరు వచ్చుచున్న వేళ పై వీధులవారు కొళాయికి మోటారు తగిలించి లాగినచో దిగువ గొట్టములో బలము తగ్గి, మురుగును లోనికి పీల్చుకొనును. అట్టి మోటార్లు మా వీధిలో ఆరు కలవు. వానిలో నొకటి మా యింటిది.

ఈ మాట వ్రాయుటకు సిగ్గుగా నున్నను వ్రాయక తప్పదు. మా మిద్దెమీది తొట్టి త్వరగా నిండవలయునని మేము పెట్టుకొనిన యంత్రము మరియొక తల్లి బిడ్డకు రోగము తెచ్చుటలో పాలుగొన్నది. మేము పరీక్షించుచుంటిమి, మా పుస్తకమున అంతయు శుద్ధమే, మాలిన్యము మాత్రము మేము పోనిచోట నున్నది. పిల్లవాడు నలువది దినములకు కోలుకొనెను. అతని తల్లి నెలదినములు కూలి పోగొట్టుకొన్నది. మేమా దినముననే మోటారు తీసివేసితిమి. మా వారు తక్కిన యిండ్లకు పోయి యడుగగా కొందరు తీసిరి, కొందరు నేటికిని తీయలేదు. గ్రామసభలో నల్లసీసాను బల్లమీద పెట్టి యడిగిన మూడు నెలలకు గొట్టమును కాలువనుండి పైకెత్తి మార్చిరి.

ఈ యనుభవమును పట్టి మాకు తోచిన ప్రాధాన్యక్రమమును సోదరీమణుల యెదుట నుంచుచున్నాము.

మొదటిది, మలమాలిన్యము. నీటివలన కలుగు కీడులలో మనుష్యుల, పశువుల మలమునుండి వచ్చు క్రిములే అగ్రగణ్యములని ప్రపంచ ఆరోగ్య సంస్థయు చెప్పుచున్నది. తక్కిన విషములు ఏండ్లకు చంపునవి; ఇది దినములలో చంపునది. 1854లో లండను నగరమున కలరా చెలరేగినపుడు జాన్ స్నో అను వైద్యుడు మరణించినవారి యిండ్లను గుర్తించుచు పోయి, వారిలో పెక్కుమంది బ్రాడ్ స్ట్రీటు నందలి యొక పంపు నీరు త్రాగినవారని కనుగొనెను. ఆ పంపు పిడిని ఊడదీయించిరి. ఆయన ఉపాయమంతయు ఒక్కటే: రోగమున్న యింటినుండి బయలుదేరి నీటికడకు పోయెను గాని, నీటి కార్యాలయమునుండి బయలుదేరలేదు. మనకును అదియే మార్గము. కొళాయి నీటిలో క్లోరిను, త్రాగువాని పాత్రలో పడు వేళకు, లీటరునకు 0.2 మిల్లీగ్రాములైనను మిగిలియుండవలయునని నియమము. ట్యాంకువద్ద గాక కడపటి కొళాయివద్ద అది మిగిలినదా యని చూడవలయును. గొట్టములను మురుగుకాలువలనుండి వేరుచేయుట, ఊరి మురుగును శుద్ధిచేయక నదిలోనికి వదలకుండుట, ఇవి ధనవ్యయమున అన్నిటికంటె ముందుండవలయును.

రెండవది, భూమిలోనుండి వచ్చు విషము. ఫ్లోరైడువలన ఎముకలు బిగిసి మనుష్యులు కుంటివారగుట మన దేశమున మొదట గుర్తింపబడినది నాటి నెల్లూరు జిల్లాలోనే. 1937లో వైద్యులు దానిని ప్రకటించిరి. మన బావులు లోతు పోవుచున్న కొలదియు శిలలలోని లవణములు నీటిలోనికి ఎక్కుచున్నవి. ఇందొక మాట సోదరీమణులు గట్టిగా జ్ఞాపకముంచుకొనవలయును. కాచుటవలన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు; నీరు ఇగిరిన కొలది మరింత చిక్కనగును. దానిని తీయుటకు పటికయు సున్నమును కలుపు పద్ధతి యొకటి మనవారే కనిపెట్టిరి. దానికి నల్లగొండ పద్ధతి యని పేరు. అంతకంటె మేలైనది, అట్టి యూళ్లకు నదీజలమును ముందుగా పంపుట. పాలపండ్లు ఊడి స్థిరమైన పండ్లు వచ్చు పిల్లలున్న యూరు ముందు, తక్కినవి పిదప.

మూడవది, కర్మాగారముల మురుగు. చిత్తూరు చుట్టుపట్ల మామిడిగుజ్జు తీయు కర్మాగారములు పెక్కులు గలవు. తోతాపురి పండ్లు వచ్చు ఋతువున అవి రైతునకు అన్నము పెట్టునవి. వానిని మూయుమనుట మా యభిప్రాయము గాదు. కాని గుజ్జు కడిగిన నీరు శుద్ధిచేయక వాగులో వదలినచో ఏమగునో ఇల్లాలికి తెలియును. గంజి రెండు దినములు మూతపెట్టి యుంచినచో ఎట్లు పులిసి కుళ్లునో అట్లే వాగంతయు కుళ్లును. కుళ్లించు క్రిములు నీటిలోని ప్రాణవాయువును ఎంత త్రాగివేయునో లెక్కగట్టి దానికొక కొలత యేర్పరచిరి. స్నానపు నీటికి ఆ కొలత లీటరునకు 3 మిల్లీగ్రాములు మించరాదు. నదిలోనికి వదలు మురుగుకు 30 మించరాదు. ఈ నియమమును ఉపేక్షించిన ఫలము మన పొరుగుననే కనబడుచున్నది. పాలారు తీరమున వేలూరు సీమలోని తోళ్ల కర్మాగారములు భూములను బావులను చెరచిన విషయమున 1996 ఆగస్టులో అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పి, చెరచినవాడే వెల చెల్లింపవలయునను న్యాయమును స్థాపించెను. అదే వ్యవహారమున మరల 2025 జనవరిలోను తీర్పు చెప్పవలసివచ్చినది. దాదాపు ముప్పది యేండ్లు! భూమిలోనికి దిగిన విషమును తీయుట ఎంత దుష్కరమో ఇంతకంటె నిదర్శన మేమి కావలయును? దీనికి మారుగా, భాగ్యనగరమునకు నీరిచ్చు ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరులకు పది కిలోమీటర్లలోపల మాలిన్యకరములైన పరిశ్రమలు రాగూడదని 1996లో ప్రభుత్వము ఉత్తరువు చేయగా, దానిని దాటి కట్టబూనిన యొక నూనెల పరిశ్రమకు 2000లో అత్యున్నత న్యాయస్థానము అనుమతి నిరాకరించెను. చెడిన పిదప వగచుటకంటె చెడకముందు కంచె వేయుట మేలు.

కడపటిది రుచి. ఉప్పుదనమును, కాఠిన్యమును తగ్గించుట కోరదగినదే. కాని అది మొదటి మెట్టు కాదు. ఇపుడు ఇంటింటను క్యాను నీరు కొనుచున్నాము. అది నాలుకకు తీయగానుండును గనుక శుద్ధమని నమ్ముచున్నాము. కొనగలవారు కొనుటవలన కొళాయినిగూర్చి యడుగువారు తగ్గిపోయిరి. ఇదియే దానివలని పెద్ద కీడు. మేమును క్యాను నీరు త్రాగుచుండుటచేతనే గదా కడపటి వీధి కంపు మా ముక్కునకు సోకలేదు!

నదుల విషయమునను ప్రభుత్వము ఇట్టి క్రమమునే పాటించుచున్నది. పైన చెప్పిన కొలత 30 దాటిన నదీభాగములు మొదటి ప్రాధాన్యమునకును, 3 నుండి 6 వరకున్నవి అయిదవ ప్రాధాన్యమునకును చేర్చబడినవి. 2018లో దేశమున 351 నదీభాగములు చెడియుండగా, 2022 నాటికి అవి 311 అయినవని మండలివారి లెక్క. మంచిదే. కాని ఏ లెక్కయైనను కొలిచినచోటి లెక్కయే. ఏడాదిలో పెక్కు మాసములు ఎండియుండు మా వాగులవంటివాని చెంతకు సీసా పట్టుకొని పోవువారు లేనిచో, వానికి ఏ తరగతియు రాదు, ఏ ధనమును రాదు. నల్లసీసా మాకు నేర్పిన పాఠము దేశమునకును చెల్లును.

కొందరు పెద్దలు మాతో నిట్లనిరి: "యాత్రాస్థలము గదా, దేశదేశములవారు వచ్చుచోటు ముందు బాగుపడవలయును, కడపటి వీధులు పిదప చూతము." అతిథిపూజ మన ధర్మమే, కాదనము. కాని యాత్రికులకు అన్నము వండువారు, సత్రములు ఊడ్చువారు, పూలు కట్టువారు ఎక్కడ నివసింతురు? ఆ కడపటి వీధులలోనే. వారి బిందెలోని క్రిమి వారి చేతివెంట ఎందరి విస్తళ్లకు చేరునో ఎవ్వరు చెప్పగలరు? చివరి కొళాయి శుద్ధమైనచో దానికి పైనున్నవన్నియు శుద్ధమే యగును. మొదటి కొళాయి శుద్ధమైనంత మాత్రమున చివరిది శుద్ధము కాదు. కావున ప్రమాణమును చివరినుండి కొలుచుట దయకొరకు మాత్రమే గాదు. లెక్కకును అదియే సరియైన పద్ధతి.

ఇక మనము చేయదగిన పనులు. కొళాయికి మోటారు తగిలింపకుందము. వానకాలమున త్రాగు నీటిని తెర్లకాచి మూతపెట్టుదము. గరిటెతో ముంచుకొందము గాని చేయి ముంచకుందము. అనుమానము తోచినచో నీటిని ప్రభుత్వ ప్రయోగశాలకు పంపుదము. స్వల్పమైన రుసుముతో సామాన్యులకును అచ్చట పరీక్ష చేయుదురు. పరీక్షపెట్టె మన యూర నెవరి యింటనున్నదో కనుగొని, నెలకొకమారు కడపటి కొళాయినుండి నీరు పట్టునట్లు చేయుదము. ఆ ఫలితమును పంచాయతీ గోడమీద అందరికిని కనబడునట్లు వ్రాయుమని గ్రామసభలో అడుగుదము. ఇందుకు గొప్ప చదువు అక్కరలేదు. నలుపు తెలుపు ఎరిగిన కన్ను చాలును.

ఇప్పుడు మా పుస్తకమున మొదటి గడిలో కడపటి వీధి కొళాయిని వ్రాసికొనుచున్నాము. ట్యాంకు చివరి గడికి పోయినది. సీసాను నింపి తెచ్చునది ఆ పిల్లవాని తల్లి. మొన్నటి నెల సీసా తేటగానున్నది. దానిని కిటికీలో వెలుతురునకు పట్టి చూచి యామె యేమియు ననలేదు. బిందె నెత్తుకొని నీటికి పోయినది.